బొట్టు లేని మొహాన్ని ఫోను గుర్తుపట్టింది

నవంబరు వస్తోందంటే మా అమ్మ మనసులో రెండే ఉంటాయి. ఒకటి కార్తీకమాసం, రెండోది లైఫ్ సర్టిఫికెట్. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని గార్డు అనడం లేదు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. అమ్మ మాత్రం మా వీధిలో ఇప్పటికీ గార్డుగారి భార్యే. ఆయన పోయాక ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అది ఆగకుండా రావాలంటే ఏటా నవంబరులో తను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లందరికీ ఇదే పద్ధతి. 80 దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎఫ్ పెన్షన్ తీసుకునేవాళ్ళకి నెలతో పని లేదు, ఎప్పుడిస్తే అప్పటి నుంచి ఏడాది చెల్లుతుంది.

ఇన్నేళ్ళూ ఆ రుజువు బ్యాంకు కౌంటరు దగ్గరే చూపించేది. అమ్మ ఉండేది బెజవాడ అజిత్‌సింగ్ నగర్‌లో. ఆటో మాట్లాడుకుని వెళ్ళేది. నవంబరు మొదటివారం కాబట్టి ఊళ్ళో పెన్షనర్లంతా ఒకేసారి వస్తారు, కుర్చీలు చాలవు. కార్తీక సోమవారం ఉపవాసంతో కూడా వెళ్ళిన రోజులున్నాయి. "నక్షత్రం కనపడేదాకా వంట లేదు, తిండి లేదు, ఖాళీయే కదా, ఆ పనేదో చూసుకొచ్చేస్తా" అనేది. ఆ క్యూలో కూర్చుంటే పాత రైల్వే కాలనీవాళ్ళు కనపడతారు, ఎవరి మనవరాలికి సంబంధం కుదిరిందో, ఎవరు మంచం పట్టారో తెలుస్తుంది. ఓపిక ఉన్నన్నాళ్ళూ అమ్మకి ఆ ప్రయాణం ఇష్టమనే చెప్పాలి.

వేలిముద్రల దగ్గరే చిక్కొచ్చింది. కాగితం ఫారం బదులు ఆధార్‌తో సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది. వేలో, కనుపాపో యంత్రానికి చూపిస్తే చాలు. విన్నప్పుడు చాలా సుళువు అనిపించింది. కానీ అమ్మ వేళ్ళ మీద గీతలు మిగిలితేగా! బూడిద, కొబ్బరి పీచు పెట్టి ఇత్తడి గిన్నెలు తోమిన చేతులవి. బొటనవేలు పెడితే ఎర్రదీపం, చూపుడువేలు పెడితే ఎర్రదీపం. "తడిగుడ్డతో తుడిచి పెట్టండి మామ్మగారూ", "వేలు ఓసారి జుట్టుకి రాసుకుని పెట్టండి, కాస్త నూనె అంటితే పడుతుంది" అని అక్కడి కుర్రాడు ఓపిగ్గానే చెప్పేవాడు. వెనక నిలబడ్డవాళ్ళకి ఆ ఓపిక ఉండేది కాదు. తన వేళ్ళు తనవి కావన్నట్టు యంత్రం అంటుంటే, తనేదో తప్పు చేసినట్టు అమ్మ తలొంచుకునేది. చివరికి కాగితం మీద సంతకంతోనే పని జరిగేది. ఆ కాగితం ఇప్పటికీ చెల్లుతుంది. అది తీసెయ్యకూడదనే నేను కోరుకుంటాను.

మొహం చూపించి సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. ప్రత్యేకంగా ఏ యంత్రమూ అక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోను ఉంటే చాలు. నాకు అప్పుడే తెలుసు గానీ అమ్మ ఒప్పుకోలేదు. "కాళ్ళున్నాయిగా, వెళ్ళొస్తాను" అంది. 2024లో మాత్రం ఆ మాట అనలేకపోయింది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అమ్మ మేడమీది వాటాలో ఉంది కాబట్టి ప్రాణభయం తప్పింది. కింది వాటావాళ్ళు కట్టుబట్టలతో పైకొచ్చారు. కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు, హైదరాబాద్‌లో నాకు నిద్ర లేదు. డ్రోన్లు తెచ్చి డాబాల మీద దింపిన భోజనం పొట్లాలు అందుకున్నవాళ్ళలో మా అమ్మా ఉంది. నీళ్ళు తీశాక ఆ బురద కడగడంలో, ఎక్కిదిగడంలో మోకాళ్ళు వాచిపోయాయి. దీపావళికి నేను వెళ్ళేసరికి మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకుంటోంది. ఈసారికి బ్యాంకు వద్దు, ఇంట్లోనే కానిద్దాం అన్నాను. మారుమాట్లాడలేదు.

ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి. ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్‌డీ. ఈ రెండోది ఎక్కించుకున్నాక ఫోన్లో దాని బొమ్మ కనపడదు. కనపడలేదని కంగారుపడి మళ్ళీ మళ్ళీ ఎక్కించుకునేవాళ్ళుంటారు. అవసరమైనప్పుడు అదే లోపల్నుంచి తెరుచుకుంటుంది. ముందువైపు కెమెరా కనీసం 5 మెగాపిక్సెల్ ఉండాలి. దగ్గర పెట్టుకోవాల్సినవి: ఆధార్ నంబరు, ఓటీపీ అందుకునే ఫోను, పెన్షన్ పడే ఖాతా నంబరు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు. పీపీఓ పుస్తకం ఇనప్పెట్టెలో ప్లాస్టిక్ సంచీలో చుట్టి, అటక మీద ఉంది. ఆ సంచీలోనే నాన్న ఈల. కింది వాటావాళ్ళ కాగితాలన్నీ ముద్దయిపోయిన చోట ఇవి తడవకుండా ఉన్నాయంటే, మేడమీది వాటా, అటక మీద పెట్టిన అమ్మ జాగ్రత్తా రెండూ కారణమే.

ఓటీపీ దగ్గర అమ్మ ఆగిపోయింది. ఎవరికీ చెప్పకు, చెప్పకు అని ఇన్నాళ్ళూ నూరిపోసింది నేనే. నవంబరు దగ్గరపడేసరికి "మీ లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్లో మేమే అప్‌డేట్ చేస్తాం, పీపీఓ నంబరు చెప్పండి, ఫోనుకొచ్చిన నంబరు చెప్పండి" అని పెన్షనర్లకి మోసగాళ్ళ ఫోన్లు వస్తుంటాయి. పెన్షన్ ఆఫీసువాళ్ళు అలా ఫోన్ చేసి చెయ్యరు, చెయ్యలేరు. అందుకని తేడా ఒక్కటే చెప్పాను: మనం మొదలుపెట్టిన పనికి వచ్చిన నంబరు మన ఫోన్లో మన చేత్తో కొట్టుకోవచ్చు, ఎవరో ఫోన్ చేసి అడిగితే మాత్రం దేవుడడిగినా చెప్పకూడదు. "నీ గొంతుతో అడిగితేనో?" అంది. టీవీలో చూసిందట, మనిషి మాటలు కాసిని వినిపిస్తే అదే గొంతుతో యంత్రం మాట్లాడుతుందని. నిజమే, చిన్న ముక్క రికార్డింగ్‌తో గొంతు అచ్చుదించే సాధనాలు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతున్నాయి. నా గొంతుతో డబ్బు అడిగినా, నంబరు అడిగినా ముందు ఒక ప్రశ్న వెయ్యాలని ఇద్దరం అనుకున్నాం. జవాబు మా ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు. ఆ ప్రశ్నేమిటో ఇక్కడ రాయను. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కూడా అలాంటిదొకటి అనుకుని పెట్టుకోండి. డబ్బు ఖర్చు లేదు, ఏ యాప్ అక్కర్లేదు.

ఓటీపీ తనే కొట్టింది. అంకెలు పెద్దవిగా కనపడేలా పెట్టి ఇచ్చాను. ఒక్కో అంకె చూసుకుంటూ, నోటితో పలుక్కుంటూ కొట్టింది.

తరవాత వివరాలు. వరసలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఒక్కొక్కటీ తెలుగులో చదివి చెప్పి, అమ్మ ఔనన్నాక నింపాను. పెన్షన్ రకం ఫ్యామిలీ, మంజూరు చేసింది రైల్వే, చెల్లించేది బ్యాంకు. పీపీఓ నంబరు దగ్గర తొందర పనికిరాదు. ఒక్క అంకె అటూ ఇటూ అయితే సర్టిఫికెట్ పుడుతుంది గానీ, పెన్షన్ చెల్లించేవాళ్ళ దగ్గర తిరస్కరణ అవుతుంది. తీసుకున్నామన్న ధీమాతో మనం కూర్చుంటాం, అక్కడ పెన్షన్ ఆగిపోతుంది. పుస్తకం అమ్మ చేతికిచ్చి అంకెలు చదవమని, నేను ఫోన్లో సరిచూశాను. అలా చదివిస్తున్నప్పుడే పుస్తకంలో ఒక గడి ఖాళీగా ఉండడం కనపడింది. అమ్మ పుట్టినతేదీ గడి అది.

ఆ కింద రెండు ప్రశ్నలున్నాయి. మళ్ళీ ఉద్యోగంలో చేరారా? మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా?

మొదటిది చదివాను. రెండోది చదవడానికి నోరు రాలేదు. కాదని నేనే నొక్కేసి ముందుకెళ్ళిపోవచ్చు. కానీ అంతసేపూ ప్రతి వరసా చదివి, తన మాట తీసుకునే నొక్కుతున్నాను. ఇదొక్కటే దాటేస్తే, ఏదో దాచానని అమ్మకి తెలిసిపోతుంది. "ఏమైంది, ఆగిపోయావు?" అంది. చదివాను. 79 ఏళ్ళ మా అమ్మ నా మొహంలోకి చూసి, "దానికెందుకే అంత ఇదవుతావు? కాగితంలోనూ ఉండేదే. చిన్నవయసులో మొగుడు పోయినవాళ్ళు కూడా ఈ ఫారమే నింపుతారు కదా, అడగకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది. నిజమే, నియమం అలాంటిది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఫ్యామిలీ పెన్షన్ మామూలుగా ఆగిపోతుంది. పిల్లలు లేని ఆవిడకైతే కొన్ని షరతుల మీద కొనసాగుతుంది. "ఇటివ్వు, నేను నొక్కుతాను" అని ఫోను తీసుకుని అమ్మే నొక్కింది.

నా మొహం మొదట్లోనే చూపించేశాను. పని చేయించేవాళ్ళని ఆపరేటరు అంటారు, వాళ్ళ ఆధార్, వాళ్ళ ఓటీపీ, వాళ్ళ మొహం ఒకసారి నమోదు కావాలి. ఫోను వాడకం తెలిసిన పెన్షనరు తనకి తనే ఆపరేటరు కావచ్చు. నాది తేలిగ్గానే అయిపోయింది. "ఇప్పుడు నువ్వు" అన్నాను. అమ్మ లేచి అద్దం దగ్గరికెళ్ళింది. చాలాసేపు రాలేదు.

అమ్మ ఆధార్ ఫొటో 2011లో తీసింది. అందులో నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ, రెండు ముక్కుపుడకలు, చెవి పక్క నుంచి కనపడే మల్లెపూలు. నాన్న పోయింది 2016లో. ఇప్పుడు నుదుటి మీద సన్నటి విభూతి గీత, ముక్కుపుడకలు లేవు, జుట్టు ముగ్గుబుట్ట. చెంపలు లోపలికి పోయాయి.

"ఆ ఫొటోలో ఉన్నది నేను కాదంటుందేమోనే" అంది అద్దంలోకి చూస్తూనే.

"నువ్వు కాకపోతే ఇంకెవరమ్మా?"

"బొట్టు లేని మొహాన్ని అదెలా పోల్చుకుంటుంది? మనుషులే పోల్చుకోలేదు నన్ను, ఆ పన్నెండో రోజు తరవాత. పోనీ, ఈ ఒక్కసారికి స్టిక్కరు పెట్టుకోనా?"

నాకు గొంతు పూడుకుపోయింది. "పెట్టుకోవాలని ఉంటే రోజూ పెట్టుకో. ఈ ఫోను కోసమైతే అక్కర్లేదు" అన్నాను. పెట్టుకోలేదు. విభూతి కూడా చెరపలేదు. జుట్టు దువ్వుకుని, కొంగు సరిచేసుకుని వచ్చి కూర్చుంది.

అమ్మ ఎప్పుడూ కూర్చునే కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంటుంది. వెనక వెలుతురు, మొహం నీడలో. అలా అయితే కుదరదు. కుర్చీ తిప్పి, మొహం మీద వెలుతురు పడేలా కూర్చోబెట్టాను. వెనక గోడకి ఉన్న క్యాలెండరు తీశాను, దాని మీద వెంకటేశ్వరస్వామి మొహం కూడా ఉంది మరి. కళ్ళద్దాలు మెరుస్తున్నాయని అవీ తీయించాను. ఫోను ఆవిడ కళ్ళకి ఎదురుగా, కిందకీ పైకీ కాకుండా పట్టుకున్నాను. తెర మీది గుండ్రంలోకి మొహం వచ్చింది. రెప్ప వెయ్యమని అడిగింది.

అమ్మ రెప్ప వెయ్యదే!

వెయ్యమ్మా అంటే ఇంకా బిగబట్టి చూస్తుంది. ఎందుకో తరవాత చెప్పింది. పెళ్ళయిన కొత్తలో గవర్నరుపేటలో స్టూడియోకెళ్ళి ఫొటో తీయించుకున్నారట. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల పెట్టి "రెప్ప వెయ్యకండి, కదలకండి" అన్నాడట. అయినా రెప్ప పడింది. కళ్ళు మూసుకున్న ఫొటో వస్తే మళ్ళీ డబ్బు కట్టి తీయించుకోవాల్సి వచ్చిందట. అప్పటినుంచి ఏ కెమెరా ముందు కూర్చున్నా అమ్మ రెప్ప వెయ్యదు. మా పెళ్ళి ఫొటోల్లో కూడా ఆవిడ కళ్ళు అంత పెద్దవిగా ఎందుకున్నాయో నాకు ఇప్పుడు తెలిసింది. ఫొటో అంటే కదలకుండా ఉండడం అని నేర్చుకున్న తరం అది. ఇక్కడ కదలాలి. ఎదురుగా ఉన్నది మనిషా, మనిషి ఫొటోనా అని ఫోను తేల్చుకునేది ఆ రెప్పపాటుతోనే. లేకపోతే పోయినవాళ్ళ ఫొటో చూపించి పెన్షన్ తీసుకునేవాళ్ళుంటారు.

ఇది చెప్పాను. అమ్మ మొహం విప్పారింది. "ఓహో, దమయంతి చూసినట్టన్నమాట" అంది. స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంలోనే వచ్చి పక్కపక్కన కూర్చుంటారు. అందరూ ఒక్కలాగే ఉన్నారు. దేవతలకి రెప్పపాటు ఉండదు, చెమట పట్టదు, మెడలో పూలదండ వాడదు, పాదం నేలకి ఆనదు. రెప్ప వేసేవాడే మనిషి, వాడే నలుడు అని దమయంతి పోల్చుకుంటుంది. కథ నాకూ తెలుసు. ఆఫీసులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ల మధ్యే రోజంతా గడుపుతాను. కానీ ఈ రెండిటినీ నేనెప్పుడూ కలపలేదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ అమ్మ కలిపేసింది.

ఆ తరవాత ఇబ్బందే లేదు. "రెప్ప వెయ్యి నలమహారాజా" అని తనకి తనే చెప్పుకుని రెప్ప వేసింది. గుండ్రం పచ్చగా మారింది. కాసేపు తిరిగింది. ప్రమాణ్ ఐడీ వచ్చింది, అమ్మ పేరు, ఆధార్ ఫొటో తెర మీద కనపడ్డాయి. పెద్ద బొట్టు, మల్లెపూలు ఉన్న ఆ పాత ఫొటోని అమ్మ వేలితో తాకి చూసింది. "పోల్చుకుంది" అంది.

చుట్టాలింట్లో ఏ శుభకార్యానికి వెళ్ళినా అమ్మ మొహం కంటే ముందు నుదురు చూసేవాళ్ళని చూస్తూనే ఉన్నాను. ఈ ఫోనుకి ఆ చూపు లేదు. ఆధార్ ఫొటోలో ఉన్న మొహాన్నీ, ఇప్పుడు తీసిన మొహాన్నీ రెండు అంకెల వరసలుగా మార్చి, ఆ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తుంది. ఒక హద్దుకి ఇటు ఉంటే ఔను, అటు ఉంటే కాదు. దేశంలో ఇంతమందిలో ఈవిడెవరని వెతకడం కాదు, ఈ నంబరు గల మనిషి ఈవిడేనా అన్న ఒక్క ప్రశ్నకే జవాబు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న ఏఐ పరిజ్ఞానం ఇది. రాత్రి అన్నాలప్పుడు "టీవీలో రోజూ చెప్పే ఏఐ ఇదేనా?" అని అమ్మ అడిగితే, దాంట్లో ఇదొక చిన్న కొమ్మ అని చెప్పాను. వ్యాసాలు రాసేది, బొమ్మలు గీసేది, గొంతులు అనుకరించేది వేరే కొమ్మలు.

ఆ హద్దు ఎక్కడ గీయాలన్నదే నన్ను ఆలోచనలో పడేస్తుంది. కాస్త వదులు చేస్తే ఒకరి బదులు ఒకరు చొరబడతారు. బిగిస్తే అసలు మనిషినే కాదంటుంది. జబ్బుపడి చిక్కిపోయినవాళ్ళు, పళ్ళు రాలి దవడలు మారినవాళ్ళు, పక్షవాతంతో మొహం ఒకవైపు జారినవాళ్ళు — అందరూ ఆ హద్దు దగ్గరే ఉంటారు. పెన్షన్ ఎక్కువ అవసరమైనవాళ్ళూ వాళ్ళే. వాళ్ళని యంత్రం కాదన్నప్పుడు, "కాదు, ఈవిడ ఆవిడే" అని సంతకం పెట్టగలిగే మనిషి ఒకరు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఏడేళ్ళు, పదేళ్ళు గడిచిన ఫొటో అయితే ఆధార్ కేంద్రంలో కొత్తది తీయించుకోవడం మంచిది. అదీ కేంద్రం దాకా వెళ్ళగలిగిన ఓపిక ఉంటేనే.

అమ్మది ఇంట్లోనే అయిందన్న కబురు సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు పీపీఓ పుస్తకం, ఆధార్ కార్డు పట్టుకుని వచ్చారు. ఆవిడది చిటికెలో అయిపోయింది. ఎదురింటి అత్తయ్యగారి పీపీఓ పుస్తకం వరద నీళ్ళలో ముద్దయిపోయింది. నంబరు ఎక్కడ దొరుకుతుందా అని అందరం కూర్చుని ఆలోచించాం. చివరికి పాత పెన్షన్ స్లిప్పు ఒకటి వాళ్ళబ్బాయి ఫోన్లో ఫొటోగా ఉంటే, అందులో చూసి నింపాం. ఎప్పుడో ఊరికే తీసిపెట్టిన ఫొటో అది. ఆ రోజే అమ్మ కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి, మా తమ్ముడికీ నాకూ పంపి పెట్టుకున్నాను.

వీధి చివర ఇంకో మామ్మగారున్నారు, మంచం మీదే ఉంటారు. వాళ్ళింట్లో స్మార్ట్‌ఫోను లేదు. నేను వెళ్ళి ఫోను చూపించాను గానీ, ఆవిడ కళ్ళు సరిగా తెరవలేకపోయారు. ఆవిడకి పోస్టుమాన్ ద్వారా చేయించాం. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వాళ్ళు 70 రూపాయలు తీసుకుని ఇంటికొచ్చి సర్టిఫికెట్ చేసి వెళతారు, ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా సరే. కబురు చెప్తే పోస్టుమాన్ వచ్చాడు. పేరు పెట్టి పలకరించాడు, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఏ వేలి మీద గీతలు మిగిలాయో వెలుతురులో చూసి, ఆ వేలు పెట్టించాడు. ఉంగరం వేలు పడింది. ఆ మనిషి ఆ వేలు అంత నెమ్మదిగా పట్టుకున్న తీరు చూస్తే, ఇన్ని యాప్‌లు నేర్చుకున్న నాకు చాలా గౌరవం కలిగింది.

మా అమ్మకి పనిలో సాయం చేసే ఆవిడ ఇదంతా చూసి, "మా అత్తకి ఒకటో తారీకున సచివాలయం వాళ్ళే ఇంటికొచ్చి ఇస్తారమ్మా, ఇన్ని ప్రశ్నలుండవు" అంది. నిజమే. రాష్ట్రం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు, గుమ్మం దగ్గరే చేతిలో పెడతారు. ఇచ్చే మనిషే ఎదురుగా చూస్తున్నాడు కాబట్టి, బతికున్నారని వేరే రుజువు అక్కర్లేదు. బ్యాంకులో జమయ్యే పెన్షన్‌కి అలా ఎదురుగా చూసే మనిషి లేడు. అందుకే నవంబరు.

2023లో 100 నగరాల్లో, 2024లో 800 ఊళ్ళలో నవంబరు నెల్లో కేంద్రం శిబిరాలు పెట్టించి ఈ సర్టిఫికెట్లు చేయించింది. శిబిరం దాకా రాలేనివాళ్ళ ఇళ్ళకి ఆసుపత్రులకి కూడా వెళ్ళాలన్నది అందులో భాగమే. అది బాగా జరగాలి. ప్రతి ఇంట్లో ఫోను తెలిసిన కూతురో మనవడో ఉంటారని, దీపావళికి ఊరొస్తారని అనుకుని ఏ పద్ధతీ పెట్టకూడదు. మా వీధిలో ఉన్న పెద్దవాళ్ళలో సగంమంది పిల్లలు వేరే ఊళ్ళలోనో, వేరే దేశాల్లోనో ఉన్నారు. వాళ్ళు వీడియో కాల్‌లో "అమ్మా, అది నొక్కు, ఇది నొక్కు" అంటుంటే, ఏది నొక్కాలో తెలియక ఫోను కింద పెట్టేసేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఆ పక్కన కూర్చునే మనిషి కోసం కూడా ప్రభుత్వం కాస్త ఖర్చు పెట్టాలి. మంచి కాలేజీ పిల్లలు నవంబరులో నాలుగు వీధులు తిరిగినా ఎంతో పని జరుగుతుంది.

సర్టిఫికెట్ పుట్టిందని ఊరుకోకుండా, తరవాత జీవన్ ప్రమాణ్ సైట్‌లో ఐడీ కొట్టి చూశాను. బ్యాంకు అంగీకరించినట్టు వచ్చాకే కాగితం మీద అచ్చు తీసి పుస్తకంలో పెట్టాను. నవంబరు పెన్షన్ నెలాఖరుకి పడింది, డిసెంబరుదీ పడింది.

ఇక మిగిలింది ఆ ఖాళీ గడి. అమ్మకి వచ్చే ఏడాది 80 నిండుతాయి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకి, ఫ్యామిలీ పెన్షనర్లకి కూడా, 80 నిండిన నెల మొదటి తేదీ నుంచి మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30 శాతం అవుతుంది. కానీ రికార్డులో పుట్టినతేదీ లేకపోతే ఆ పెరుగుదల దానంతటది రాదు, మనం అడిగి ఎక్కించుకోవాలి. నాన్న కాగితాలు పెట్టినప్పుడు భార్య పుట్టినతేదీ గడి అలాగే వదిలేశారు. అప్పట్లో చాలామందివి అలాగే ఉండిపోయాయి. మీ ఇంట్లో పీపీఓ పుస్తకం ఉంటే ఒకసారి ఆ గడి చూడండి. అమ్మకి బడి సర్టిఫికెట్ లేదు. పాన్ కార్డు ఉంది, ఆధార్ ఉంది, ఓటరు కార్డు ఉంది, మూడింటిలోనూ తేదీ ఒకటే ఉందో లేదో సరిచూసుకున్నాం, ఒకటే ఉంది. దరఖాస్తు తెలుగులో నేను రాస్తే, అమ్మ చదివి, "నా వయసుతో కూడా పని పడుతుందని మీ నాన్నగారు అనుకోలేదు పాపం" అని సంతకం పెట్టింది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ దరఖాస్తు నేనే తీసుకెళ్ళి ఇస్తాను, అందినట్టు ముద్ర వేయించుకుని వస్తాను.